విత్తనపు మడుగు

"ఉన్నచోటి నుంచి లేనిచోటికి నీళ్ళు మళ్ళిస్తే పుణ్యమే కదా, స్వామీ?" అని నా తోటి శిష్యుడు వరాహం అడిగాడు. మా గురువు నిగమయ్యగారికి ప్రశ్న నచ్చితే గడ్డం గోక్కునేవారు. ఆ రోజు చాలాసేపు గోక్కున్నారు.

మా ఆశ్రమం ఒక గట్టు మీద ఉండేది. గట్టుకు అటు బురదేరు, ఏడాది పొడవునా నిండుగా పారేది. ఇటు గులకవాగు, వేసవి వస్తే ఒక్క మడుగుకు దిగిపోయేది. దాన్ని బెస్తవాళ్ళు విత్తనపు మడుగు అనేవారు. ఉగాది నుంచి తొలకరి దాకా అందులో వల వేయరు. వాగులోని చిట్టి పరిగె చేపలన్నీ మళ్ళీ పుట్టవలసింది ఆ మడుగులోంచే. అవి పోతే బెస్తపేటకు ఏడాదంతా కూర లేదు. ఎండకు ఇరుకున పడ్డ ఆ చేపలను చూస్తే వరాహానికి జాలి. గట్టు తెగ్గొట్టి, కాలవ తవ్వి బురదేటి నీటిని మడుగులోకి తేవాలని గునపం కూడా పదును పెట్టించాడు.

చేపల ఎర్రాయమ్మ మాత్రం ససేమిరా అంది. బురదేట్లో ముంచిన బుట్టను మూడు ఎండలు ఎండబెడితే గాని ఆమె గులకవాగు దరిదాపులకు తెచ్చేది కాదు.

"నీళ్ళకు కూడా అంటు ఉంటుందా, అమ్మా?" అని వరాహం నవ్వాడు.

"అంటు నీళ్ళకి కాదు బావూ, నీళ్ళలో ఉన్నోళ్ళకి" అందామె.

"మడుగు సంగతి తర్వాత. ముందు మన రాతితొట్టిలో చేసి చూడు" అన్నారు గురువుగారు. ఎర్రాయమ్మను బతిమాలి, ముప్పై పరిగె పిల్లలను తెచ్చి తొట్టిలో వేశాం. వరాహం బురదేటి నుంచి నాలుగు కడవలు మోసుకొచ్చి పోశాడు. పిల్లలు ఎగిరెగిరి పడ్డాయి. వరాహం కూడా ఎగిరాడు.

మూడోనాటికి ఇరవై మిగిలాయి. లకుముకి పిట్ట పనేనని వరాహం తొట్టి మీద తడిక కప్పాడు. ఐదోనాటికి పన్నెండు. వంటింటి పిల్లి దొంగమొహం వేసుకుని తిరుగుతోందని చెప్పింది నేనే. దాన్ని స్తంభానికి కట్టేశాం. అది రాగాలు తీసింది. ఎనిమిదోనాడు ఏడే. వరాహం ఏడుపుమొహంతో తొట్టి ఖాళీ చేశాడు. అడుగున బురదలో వేలెడు కొర్రమీను పిల్ల, పొట్ట ఇంత చేసుకుని తీరిగ్గా పడుకుని ఉంది. కడవలో వచ్చిన చుట్టం! నాకు నవ్వు ఆగలేదు. కళ్ళ నీళ్ళతోనే వరాహమూ నవ్వేశాడు.

"ముందు ఇద్దరూ పిల్లికి దండం పెట్టండి" అన్నారు గురువుగారు.

కొర్రమీనును దాని ఏట్లో దింపి, మిగిలిన ఏడింటినీ మడుగులో వదిలాం. పదిరోజులకు తొలకరి పడింది. గులకవాగు ఒక్కసారిగా గలగలలాడింది. పరిగెలు నీటికి ఎదురెక్కుతూ రాళ్ళ మీంచి దూకాయి. పేట పేటంతా డప్పులతో కదిలివచ్చింది. ఎర్రాయమ్మ మొదటి చేపను కళ్ళకద్దుకుని వదిలేసి కేక పెట్టింది. వరాహం మోకాటిలోతు నీళ్ళలో గంతులేశాడు. అంత ఆనందం మా ఆశ్రమంలో ఏ పూజనాడూ నేను చూడలేదు.

తడిసిన పంచె పిండుకుంటూ వరాహం వచ్చి అడిగాడు: "వేసవి మళ్ళీ వస్తుంది కదా, స్వామీ. మరి కాలవ?"

గురువుగారు గడ్డం గోక్కున్నారు.

"తవ్వుదువుగాని, నాయనా. మడుగులోకి రాకుండా ఏ మలుపులో ఆగుతావని ముందు కొర్రమీనును అడిగి రా."