ఆరుగురు మేధావులూ, ఒక చర్చా తరగతీ

యూనివర్సిటీలో మొదటి ఏడాది చేరిన ఆ ఆరుగురిదీ ఒకే ఊరు. వాళ్ళకు తమ తెలివి మీద ఎంత నమ్మకమంటే, బస్సెక్కేటప్పుడే "మనం వెళ్ళిపోతే ఊరికి బుద్ధి చెప్పేదెవర్రా?" అని జాలిపడ్డారు. పైడిరాజు వాళ్ళకు పెద్ద, నూకరత్నం ఆలోచన చెప్పేది, మిగతా నలుగురూ తలలూపేవాళ్ళు.

వాళ్ళను వైదేహి మేడమ్ తరగతిలో వేశారు. పాఠం లేదు, గుండ్రంగా కూర్చుని చర్చించుకోవడమే. ఆ తరగతంటే వాళ్ళకు ప్రాణం. ప్రిన్సిపాల్ గారికి మాత్రం ఒళ్ళుమంట.

"ఆరుగురికో గదా! శుక్రవారం వచ్చి చూస్తాను. చర్చ జరగకపోతే రెండువందల మంది ఉన్న హాల్లోకి తోసేస్తాను" అన్నారు.

మేడమ్ ఆరుగుర్నీ పక్కకు పిలిచారు. "ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరవకండర్రా. పక్కవాళ్ళు మాట్లాడాకే మీరు మాట్లాడండి" అని బతిమాలారు.

శుక్రవారం ప్రిన్సిపాల్ గారు వచ్చి కూర్చున్నారు. "ఊరికి ముందు రోడ్డు కావాలా, బడి కావాలా?" అని మేడమ్ అడిగారు. అంతే, పైడిరాజు నూకరత్నం వంక చూశాడు. నూకరత్నం తన పక్కవాడి వంక చూసింది. గుండ్రంగా కూర్చున్నారు కదా, చూపులు తిరిగి తిరిగి పైడిరాజు దగ్గరికే వచ్చాయి. పక్కవాళ్ళు మాట్లాడితేగా! పావుగంటకు ప్రిన్సిపాల్ గారు ఒక్క తుమ్ము తుమ్మారు.

మేడమ్ లేచి నిలబడ్డారు. "ఎవరేమన్నా సరే ఊరికే ఒప్పుకోకండి, ఆధారం అడగండి!" అన్నారు.

ఇంకేముంది! ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకుని "పన్నెండైంది" అన్నారు.

"మేం ఒప్పుకోం" అన్నాడు పైడిరాజు.

"నేను ప్రిన్సిపాల్‌నయ్యా!"

"ఆధారం?" అన్నారు ఆరుగురూ.

పాపం ఆయన జేబులన్నీ తడుముకుని గుర్తింపు కార్డు తీశారు. నూకరత్నం దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "ఈయనకు జుట్టుంది సార్, మీకు లేదు" అంది.

మేడమ్ కళ్ళు మూసుకున్నారు. ఆయన మాత్రం పగలబడి నవ్వారు. "ముప్పయ్యేళ్ళలో నన్నెవరూ ఇలా నిలదీయలేదు! తరగతి ఉంటుంది. కానీ ప్రతి శుక్రవారం అచ్చం ఇవాళ్టిలాగే జరగాలి."

పైడిరాజు "ఒప్పుకో..." అనబోతే మేడమ్ వాడి నోరు నొక్కేశారు.

మరుసటి శుక్రవారం ప్రిన్సిపాల్ గారు తన గదిలో పెరుగన్నం తింటున్నారు. ఆరుగురూ వెళ్ళి కుర్చీతో సహా ఆయన్ని ఎత్తుకొచ్చి తరగతిలో దింపారు. అచ్చం అప్పటిలాగే పావుగంట నోరు మెదపకుండా ఒకళ్ళ వంక ఒకళ్ళు చూశారు.

"సార్, పోయినవారం ఈపాటికి మీరు తుమ్మారు. తుమ్మండి" అన్నాడు పైడిరాజు.

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఈ తరగతి ఇవాళ్టితో రద్దు!" అని గర్జించారు.

మేడమ్ నెత్తిన చేతులు పెట్టుకున్నారు. నూకరత్నం జాలిగా నిట్టూర్చింది. "మర్చిపోయినట్టున్నారు. పోయినవారం మీరిలా అనలేదు సార్."

"అయితే మళ్ళీ మొదట్నించీ" అన్నాడు పైడిరాజు. అంతే, ఆయన్ని మళ్ళీ తీసుకురావడం కోసం ఆరుగురూ కుర్చీ ఎత్తి, ఆయన్ని ఆయన గదికి మోసుకెళ్ళారు.