అచ్చియ్యమ్మ చిన్నబుట్ట

అనగా అనగా, కొండ కింద ఒక ఊరుండేదర్రా. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ. ఊ కొట్టండి మరి, మీరు ఊ కొట్టకపోతే నాకు కథ మరుపొస్తుంది. ఆ, అలాగ.

ఆ అచ్చియ్యమ్మ దొడ్డి నిండా తేనెటీగల బుట్టలే. మనం కోళ్ళని పెంచుకోమూ, ఆవిడ అలా ఈగల్ని పెంచేది. వెదురుబుట్టకి పేడ మెత్తి ఎండబెట్టి, మీద అడ్డంగా పుల్లలు పేర్చి, పైన తాటాకు కప్పేది. ఒక్కో పుల్లకీ ఒక్కో తేనెపట్టు వేలాడుతూ ఉండేది. పుల్ల పట్టుకుని పైకి తీస్తే పట్టు పట్టంతా పైకొచ్చేది. అలాంటి పెద్దబుట్టలు పది. అవి కాక వంటింటి వెనక గోడవారన గుమ్మడికాయంత చిన్నబుట్ట ఇంకోటి. అందులో నాలుగే నాలుగు పట్లు. దాన్లోంచి ఆవిడ ఏనాడూ తేనె తీయలేదు. పైగా వానలు పడితే దానికి బెల్లంనీళ్ళు పట్టేది, ఎండ కాస్తే గోనె తడిపి కప్పేది.

ఆవిడ కోడలు రామతులశమ్మ. అందరూ తులశమ్మ అనేవారు. చెడ్డది కాదర్రా, ముందే చెబుతున్నాను. తెల్లారేసరికి వాకిలి ఊడ్చి ముగ్గేసి, పాలు పితికి, పొయ్యి రాజేసి, అత్త లేచేటప్పటికి సగం పని చేసేసేది. ఒకటే జబ్బు, తొందర. ఇంకోటి కూడా ఉందిలే, ఎవరైనా భేష్ అనాలని ఆశ. అత్తగారేమో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండేది. బాగా చేశావే అని ఒక్కనాడూ అనలేదు. బాగా చెయ్యలేదనీ అనలేదనుకోండి.

ఒకనాడు ఈ పిల్ల అడిగిందీ, ఎందుకత్తా ఈ చిన్నబుట్ట, తిండి దండగ అని.

“ఉండనీవే” అంది అచ్చియ్యమ్మ. అంతే. ఆ ఒక్క ముక్కతో ఊరుకుంది. ఇంకో నాలుగు ముక్కలు చెప్పుంటే ఈ కథే లేకపోను.

ఇదిలా ఉండగా ఆ దేశపు పిల్లలకి కోరింత దగ్గు పట్టుకుంది. దగ్గీ దగ్గీ కళ్ళు తేలేసేవారు పాపం. రాజవైద్యుడి దగ్గర మందుంది, కాని ఆ మందు తేనెలో రంగరించాలి. అది అచ్చియ్యమ్మ ఇంటి తేనే అవ్వాలి. అందుకని ఏడాదికి రెండుసార్లు, వైశాఖంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి, రాజుగారి బండి వచ్చి జాడీలు పట్టుకెళ్ళేది.

ఆ వైశాఖంలో అచ్చియ్యమ్మ కూతురికి నెలలు నిండాయి. పురుడు పొయ్యడానికి వెళుతూ, బండి నువ్వే చూసుకోవే, సగం తేనె తియ్యి, సగం ఈగలకి వదిలెయ్, చిన్నబుట్ట జోలికి పోకు అని చెప్పి వెళ్ళింది.

తులశమ్మకి సంబరం. అత్త తిరిగొచ్చేసరికి ఎప్పుడూ లేనన్ని జాడీలు నింపి చూపించాలి, ఆవిడ నోట్లోంచి ఒక్క మంచిమాట రాలాలి, అదీ ఆ పిల్ల తాపత్రయం. సగం ఏమిటి, మొత్తం పిండేసింది. ఈ బుట్టా పిండింది, ఆ బుట్టా పిండింది, పది బుట్టలూ పిండింది. ఆఖరి జాడీ ఉంది చూశారూ, అది ఒక్క బెత్తెడు వెలితిగా ఉండిపోయింది. నిద్రపోతున్నార్రా? ఊ కొడుతున్నారా లేదా?

సరే. బెత్తెడే కదా అనుకుంది. వంటింటి వెనక్కి వెళ్ళి చిన్నబుట్టకి పొగబెట్టింది. ఈగల్ని దులిపేసి, నాలుగు పట్లూ తీసుకుని గుడ్డలో వేసి గట్టిగా పిండింది. గిద్దెడు తేనె కూడా రాలేదర్రా. వేళ్ళ సందుల్లోంచి పాలలాగా తెల్లటిదేదో కారింది. గుడ్డ విప్పి చూస్తే ఏముందీ, బియ్యపుగింజల్లా తెల్లతెల్లటి ఈగపిల్లలు. పట్ల నిండా పిల్లలే. ఆ బుట్ట తేనె దాచుకునే బుట్ట కాదు, పిల్లల్ని పెంచే బుట్ట.

తులశమ్మ అక్కడే చతికిలబడిపోయింది. చెయ్యి చూసుకుని, కొంగుకి తుడుచుకుని, మళ్ళీ చూసుకుని ఏడ్చింది. తరవాత గబగబా లేచి ఆ పిప్పంతా కోళ్ళకి వేసేసింది. దిక్కులేని ఈగలు పిడికెడు ముద్దయి మూడు రోజులు ఆ గోడని పట్టుకుని వేలాడాయి. తులశమ్మ మూడు రోజులూ ఆ గోడవైపు వెళ్ళలేదు. నాలుగోనాడు చూస్తే గోడ ఖాళీ.

అచ్చియ్యమ్మ పురుడు పోసి వచ్చింది. కాళ్ళు కడుక్కోగానే వంటింటి వెనక్కే వెళ్ళింది. ఏదే చిన్నబుట్ట అంది.

నేనే అత్తా అనాలి. నేనే అత్తా అందామనే తులశమ్మ నోరు తెరిచింది. తెరిచేసరికి వేరే మాట వచ్చేసింది. పక్కింటి నరసాయి పిన్ని నిప్పు కోసం వచ్చిందత్తా, మర్నాటికి బుట్ట ఇలా ఉంది అంది. నరసాయి చేసిందని అనలేదు చూశారా? నిప్పుకి వచ్చిన మాట నిజమే. నిజాన్ని తీసుకొచ్చి అబద్ధం పక్కన కూర్చోబెట్టింది, అంతే.

నరసాయి అంటే కంచె అవతల ఒక్కత్తీ ఉండే మనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు. రోజూ కంచెలో సందులోంచి వచ్చి, వదినా అంటూ కాసిని మజ్జిగ పోయించుకుని, కాసేపు కూర్చుని వెళ్ళేది. అచ్చియ్యమ్మ ఆ మాట నమ్మేసింది. వెళ్ళి ఆ కంచె సందులో తుమ్మకంప కొట్టేసింది. మజ్జిగ లేదు, మాట లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఈగల్ని చంపిన చెయ్యి అన్నారు. నరసాయి నూతి దగ్గరికి వస్తే బిందెలు పక్కకి జరుపుకున్నారు. చివరికి ఆవిడ అందరూ వెళ్ళిపోయాక మిట్టమధ్యాహ్నం ఎండలో నీళ్ళకి వచ్చేది. తులశమ్మ కిటికీలోంచి చూసేది. చూసి తల దించుకునేది.

ఆషాఢం వచ్చింది, వానలు పట్టుకున్నాయి. పెద్దబుట్టల్లో దాచుకున్న తేనె లేదు కదా, ఈగలు నీరసించాయి. ఒకనాడు తూర్పువైపు బుట్ట ఒకటే హోరు. అచ్చియ్యమ్మ మూత తీసి పట్లు ఒక్కొక్కటే పైకెత్తి చూసి, రాణి పోయిందే అంది. అప్పుడు, ఇన్నేళ్ళకి, ఆవిడ నోరు విప్పి కోడలికి వివరంగా చెప్పింది.

“బుట్టకి రాణి ఈగ ఒక్కతేనే. గుడ్లు పెట్టేది అదే. అది చచ్చిపోతే బుట్టకి బుట్టే పోతుంది. కాని లేతపిల్లలున్న పట్టొకటి ఇస్తే, ఈగలు ఆ పిల్లల్లో ఒకదాన్ని మేపి మేపి మళ్ళీ రాణిని చేసుకుంటాయి. ఆ పట్టు కోసమేనే నేను చిన్నబుట్ట పెంచింది. ఏ బుట్ట నీరసిస్తే దానికి ఇందులోంచి ఒక పట్టు ఇచ్చేదాన్ని. అది మనకి పెట్టే బుట్ట కాదమ్మా, మిగతా బుట్టలకి పెట్టే బుట్ట. ఎవత్తి చేతులో గాని, దాన్ని పిండి చంపేశాయి.”

తులశమ్మ తన చేతులు వెనక్కి దాచుకుంది.

పక్క బుట్టలోంచి ఒక పట్టు తీసి తూర్పు బుట్టకిచ్చారు. తూర్పు బుట్ట నిలబడలేదు సరికదా, పట్టు ఇచ్చిన బుట్ట కూడా కుదేలయింది. దానికోసం ఇంకోదాన్లోంచి తీశారు, అదీ చతికిలబడింది. పది తొమ్మిదయ్యాయి, తొమ్మిది ఏడయ్యాయి, ఏడు నాలుగయ్యాయి. ఆ నాలుగింట్లో మూడు బొత్తిగా పిడికెడు పిడికెడు ఈగలు. నాలుగోది, ఈగలు బాగానే ఉన్నాయిగాని, దానికీ రాణి పోయింది. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది, దగ్గు మళ్ళీ తిరగబెట్టిందనీ, కార్తీకానికి తేనె తప్పకుండా కావాలనీ.

రాణి లేక ఈగ లేదు, ఈగ లేక పట్టు లేదు, పట్టు లేక తేనె లేదు, తేనె లేక మందు లేదు, మందు లేక దగ్గు పోదు. ఏదీ, మీరూ అనండి. రాణి లేక ఈగ లేదు, ఈగ లేక పట్టు లేదు... ఆ.

ఇంకెక్కడా చిన్నబుట్ట లేదా అత్తా అని అడిగింది తులశమ్మ. ఒకచోట ఉంది అంది అచ్చియ్యమ్మ. నిరుడు నా చేత్తో నేనే విడగొట్టి నరసాయికిచ్చాను. వెళ్ళి ఏ మొహంతో అడగను? నా బుట్టని చంపినదాని గుమ్మం తొక్కమంటావా? బుట్టలన్నీ పోతే పోనీ అని మంచమెక్కి అటు తిరిగి పడుకుంది.

అవతల పిల్లలు దగ్గుతున్నారు. ఇవతల బుట్టలు పోతున్నాయి. ఉన్న ఒక్క దారికీ అడ్డం ఏమిటయ్యా అంటే, తులశమ్మ ఆడిన అబద్ధం.

మర్నాడు పొద్దెక్కాక తులశమ్మ చుట్టూ తిరిగి వీధివైపు నుంచి నరసాయి ఇంటికి వెళ్ళింది. పట్టు అడుగుదాం, అసలు సంగతి చెప్పకుండా బయటపడదాం అనుకుంటూనే వెళ్ళిందర్రా. నేను మీకు అబద్ధం చెప్పను, ఆ పిల్ల అలాగే అనుకుంది. నరసాయి గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తి చూసి, రా అమ్మా, కూర్చో అంది.

“పిన్నీ, ఒక్క పట్టు కావాలి. పిల్లలున్నది.”

నరసాయి ఎందుకని అడగలేదు. చేట కింద పెట్టి, దొడ్లోకి వెళ్ళి, బుట్ట విప్పి, వెలుతురుకి పట్టి చూసి, ఉన్నవాటిల్లోకి మంచి పట్టు ఈగలతో సహా తీసింది. ఎండ తగలకుండా తడిగుడ్డ కప్పి తులశమ్మ చేతుల్లో పెట్టింది. జాగ్రత్తమ్మా, పిల్లలు నలిగిపోతాయి అంది.

తులశమ్మ రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

“పిన్నీ, మా చిన్నబుట్ట...”

“తెలుసే” అంది నరసాయి. “ఆవేళ కంచె సందులోంచి చూశాను. పిప్పి కోళ్ళకి వేస్తున్నావు.”

“మరి చెప్పలేదేం పిన్నీ? ఇంతమంది ఇన్ని మాటలంటుంటే!”

“చెయ్యి చూసుకుని ఏడ్చావు కదే. ఏడ్చిన పిల్ల ఇవాళో రేపో తనే చెబుతుందిలే అనుకున్నాను. నువ్వు చెబుతావని చూస్తూ ఉన్నాను.” మెల్లిగా, “చాలా రోజులు చూశాను” అంది.

తిట్టినా బాగుండును. కొట్టినా బాగుండును. ఆ చాలా రోజులు అన్న మాట ఉంది చూశారూ, తులశమ్మకి భూమి బద్దలై అందులోకి పోతే బాగుండుననిపించింది. చేతుల్లో పట్టుంది, కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు.

ఇంటికెళ్ళి ముందు పట్టు ఆ రాణి పోయిన బుట్టలో పెట్టింది. తరవాత అత్త మంచం దగ్గరికి వెళ్ళి, లే అత్తా, నూతి దగ్గరికి రా, చెప్పాలి అంది. ఇక్కడే చెప్పవే అంది అచ్చియ్యమ్మ. కాదత్తా, పిన్నిని అన్నది అక్కడ, చెప్పాల్సిందీ అక్కడే అంది.

నూతి దగ్గర పదిమంది ఆడవాళ్ళున్నారు. అందరి ముందూ నిలబడి తులశమ్మ చెప్పింది. చిన్నబుట్టని పిండింది నేను. కోళ్ళకి వేసింది నేను. పిన్ని మీదికి తోసింది నేను. ఇవాళ మా బుట్టకి పట్టిచ్చింది ఆవిడ. ఆఖరి ముక్కదాకా చెప్పింది. బిందెలు జరుపుకున్నవాళ్ళంతా ఎవరి కాళ్ళకేసి వాళ్ళు చూసుకున్నారు.

అచ్చియ్యమ్మ అంతా వింది. గిరుక్కున తిరిగి ఇంటికి నడిచింది. కోపం వచ్చిందనుకుంది తులశమ్మ. వెనకాలే పరుగెత్తుకెళ్ళి చూస్తే, ముసలావిడ కంచె దగ్గర వంగి ఆ తుమ్మకంపని ఒట్టి చేతులతో లాగుతోంది. ముళ్ళు గుచ్చుకుని నెత్తురు వస్తున్నా ఆపలేదు. తన కూతురికన్నా ఎక్కువగా ఎరిగున్న మనిషిని ఒక్కసారి పిలిచి అడిగింది కాదు, అదీ ఆవిడ సిగ్గు. తులశమ్మ కూడా ఒక పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి కంపంతా లాగేశారు.

“నరసాయీ” అని పిలిచింది అచ్చియ్యమ్మ, “నా తప్పే. వస్తావా?”

నరసాయి వెంటనే రాలేదర్రా. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. దెబ్బతిన్న మనసు కదా. మూడోనాడు వచ్చి, ఆ బుట్టకి తాటాకు సరిగ్గా కప్పలేదు వదినా, వాన పడుతోంది అంది. తులశమ్మ కప్పడానికి పరుగెత్తింది.

పదమూడో నాటికి ఆ బుట్టలో కొత్త రాణి పుట్టింది. ఇంకో పది రోజులకి గుడ్లు పెట్టింది. నరసాయి చిన్నబుట్టలోంచి ఒక్కో పట్టే మిగతా బుట్టలకీ వెళ్ళింది, పట్టు ఇచ్చినప్పుడల్లా ఆ చిన్నబుట్టకి ముగ్గురూ బెల్లంనీళ్ళు పట్టారు. నాలుగు బుట్టలూ నిలబడ్డాయి. కార్తీకానికి ఎప్పటిలా పది జాడీలు కాదు, మూడే జాడీలు. అయినా రాజవైద్యుడు చుక్క చుక్క లెక్కగా వాడి పిల్లలందరికీ మందిచ్చాడు. దగ్గు పోయింది. పిల్లలు మళ్ళీ వీధుల్లో పడి మీలాగే అల్లరి చేశారు.

రాజుగారు మెచ్చి, తేనె పంపిన ఇల్లాలికిమ్మని పట్టుచీర పంపించారు. తులశమ్మ దాన్ని తాకలేదు. బండివాడికి నరసాయి ఇల్లు చూపించింది. నాకెందుకే ఈ వయసులో అంటూనే నరసాయి ఆ చీర కట్టుకుని, పట్టపగలు అందరూ ఉన్నప్పుడు నూతికి వెళ్ళి నీళ్ళు తెచ్చుకుంది.

తరవాత తరవాత తులశమ్మ ఈగల పనిలో అత్తని మించిపోయింది. ఊరూరి నుంచీ నేర్చుకోవడానికి వచ్చేవారు. వచ్చినవాళ్ళకి ముందు చిన్నబుట్ట ఎందుకో చెప్పేది, ఆ వెంటనే ఈ కథంతా చెప్పేది, ఒక్క ముక్క దాచకుండా. జుట్టు ముగ్గుబుట్టయిపోయాక కూడా, నరసాయి పిన్ని నిప్పు కోసం వచ్చిందత్తా అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతులు వెనక్కి దాచుకునేది.

అంచేత తప్పు చేస్తే ఆవేళే చెప్పెయ్యండర్రా. చెప్పడానికి సిగ్గేస్తుంది, నిజమే. చెప్పకపోతే ఇంకొకరు ఎండలో నీళ్ళు మోస్తారు. కథేమో కంచి బండి ఎక్కి వెళ్ళిపోయింది. మీరు కాళ్ళు ముడుచుకుని నా పక్కకి జరగండి.