ఉత్తరీయం ముడి

కాళ్ళు ఆడించకుండా కూర్చోండర్రా! కథలో రాజకుమారుడికే ఒకచోట కాలు నిలవదు. మీరూ అలాగే ఉంటే నేను చెప్పలేను.

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. వాణ్ణి వెతకబోయిన రెండోవాడూ తిరిగి రాలేదు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు ఇద్దర్నీ రాళ్ళు చేసి తన వాకిట్లో నిలబెట్టాడు. ఒకడి నెత్తిన చెప్పులు పెట్టేవాడు, ఇంకొకడి భుజాన తలగుడ్డ ఆరేసేవాడు. అంత పొగరు వాడికి!

మూడోవాడు ఉదయకేతుడు. అన్నల కోసం బయలుదేరాడు. ఒక తాబేలు వీపెక్కి ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. ఒడ్డున దించుతూ తాబేలు అతని చెవిలో చెప్పింది.

"నాయనా, మాంత్రికుడి ప్రాణం వాడి ఇంటి దగ్గరి మడుగు అడుగున రాతిపెట్టెలో ఉన్న చిలుకలో ఉంది. దాన్ని చంపావా, నీ అన్నలు ఎప్పటికీ రాళ్ళే. సూర్యుడికి ఎదురుగా నిలబడి 'నీ దారి నీది' అని నీ చేత్తో ఎగరెయ్యి. వాడి ప్రాణం దానితోపాటే పోతుంది. నువ్వు ఇష్టపడి ఇస్తే తప్ప వాడు దాన్ని తాకలేడు. జాగ్రత్త!"

చెప్పి బుడుంగున మునిగిపోయింది.

తెల్లవారగానే ఉదయకేతుడు మడుగులో దూకాడు. ఆ నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లన. అయినా అడుగుదాకా వెళ్ళి, పెట్టె పగలగొట్టి, చిలుకతో ఒడ్డెక్కాడు. ఎక్కి, చేతిలోకి చూసుకుని తెల్లబోయాడు.

"ఈ చిలుక ఎవరిది? నేనిక్కడ ఎందుకున్నాను?"

ఆ ఒడ్డున హేమలేఖ అనే అమ్మాయి ఉంది. రాజకుమార్తె కాదర్రా, ఒక గొప్ప వైద్యుడి మనవరాలు. తాత దగ్గరే వైద్యం నేర్చుకుంది. తన మోకాళ్ళ నొప్పులకు తైలం రాయడానికి కరాళుడు ఆమెను ఎత్తుకొచ్చాడు. మాంత్రికుడైతే మాత్రం మోకాళ్ళు నొప్పెట్టవా? ఆ మడుగును వాడు ఎంతగా కాచుకుంటాడో ఆమెకు తెలుసు కనుక, చిలుకే వాడి ప్రాణమని గ్రహించింది. దాన్ని ఏం చేయాలో మాత్రం తెలియదు. తెలిసినవాడు మరిచిపోయాడు.

"నా పేరు హేమలేఖ. ఇది మాంత్రికుడి చిలుక, ఎవరికీ ఇవ్వకండి," అంది.

అతను సరేనన్నాడు. మడుగు చుట్టూ గబగబా ఒక చుట్టు తిరిగొచ్చాడు.

"ఈ చిలుక ఎవరిది? నువ్వెవరు?"

మళ్ళీ చెప్పింది. మళ్ళీ తిరిగొచ్చాడు. మళ్ళీ అదే ప్రశ్న! హేమలేఖ వైద్యుడి మనవరాలు కదా, అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తల తడిమి చూసింది, దెబ్బ లేదు. నవ్వమంది, మూతి వంకర పోలేదు. రెండు చేతులూ ఎత్తమంది, ఎత్తాడు. నాలుక చాపమంది, కరుచుకున్న గాటు లేదు.

"పక్షవాతం కాదు, మూర్ఛా కాదు," అనుకుంది. "మీ పేరేమిటి? చిన్నప్పటి సంగతి ఏదైనా చెప్పండి."

"ఉదయకేతుణ్ణి. చిన్నప్పుడు నాకు మతిమరుపని అమ్మ ఉత్తరీయం కొసకు నాచేతే ముడి వేయించేది. ఎందుకు వేశామో గుర్తొచ్చేదాకా, ఎవరు చెప్పినా విప్పకూడదు. అదీ మా ఇంటి ఆచారం. అవునూ, ఈ చిలుక ఎవరిది?"

హేమలేఖ ఊపిరి పీల్చుకుంది. పాత గాదె నిండుగానే ఉంది, ఈమధ్య పోసిన గింజలే జారిపోయాయి, కొత్త గింజ నిలవడం లేదు. చన్నీళ్ళలో ఒక్కసారిగా మునిగినవాళ్ళకూ, మనసు బాగా అదిరినవాళ్ళకూ ఎప్పుడైనా ఇలా అవుతుందని తాత చెప్పేవాడు. ఎందుకవుతుందో ఆయనకూ పూర్తిగా అంతుపట్టలేదు. మందు లేదు. ఒక పూట ఉండి దానంతటదే పోతుంది. ఆ పూట గడిచేదాకా చిలుక చెయ్యి జారకూడదు, అంతే!

"అయితే ఇప్పుడే ముడి వెయ్యండి. చిలుక కాలు కూడా కలిపి!"

వేశాడు. కరాళుడు రానే వచ్చాడు, సన్యాసి వేషంలో.

"నాయనా, ఆ చిలుక నాకు దానమిస్తానన్నావు."

"అలాగా స్వామీ!" అని చెయ్యి చాపబోయి ముడి చూశాడు. "ఇది నేను వేసిన ముడే. ఎందుకో గుర్తొచ్చాక రండి."

లేచి తిరగడం మొదలుపెట్టాడు. అతని వెనకాలే సన్యాసి, కుంటుకుంటూ. రెండోసారి కరాళుడు అతని తండ్రి రాజుగారి వేషంలో వచ్చాడు.

"రాజాజ్ఞ! విప్పు!"

"నాన్నగారూ, ముడి దగ్గర అమ్మ మాటే చెల్లుతుందని మీరే అనేవారు కదా!"

మూడోసారి ఏం చేశాడో తెలుసా? తల్లి రూపంలోనే వచ్చాడు, ఏడుస్తూ. "నేనే వేయమన్నాను, నేనే విప్పమంటున్నాను. ఆ చిలుక నాకియ్యి, నాయనా."

ఉదయకేతుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేళ్ళు ముడి మీదికి పోయాయి.

"ఆగండి!" అని అరిచింది హేమలేఖ.

"అమ్మా, ఈ అమ్మాయి ఎవరు?" అన్నాడతను. పొద్దున్నుంచి వెంట తిరిగినదానికి ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో చెప్పండి! ముడి ఒక మెలిక వదులైంది.

"ఇంతకీ దీన్ని ఎందుకు వేశానమ్మా?"

మడుగు చుట్టూ తిరిగి తిరిగి, చెప్పిందే చెప్పి చెప్పి కరాళుడికి మోకాళ్ళూ ఓపికా రెండూ పోయాయి. "ఎందుకైతేనేం, విప్పరా!"

ఉదయకేతుడి వేళ్ళు ఆగిపోయాయి. "ఎందుకైతేనేం అని మా అమ్మ ఏనాడూ అనదు. నువ్వు మా అమ్మవి కావు," అని మెలిక బిగించేశాడు.

పొద్దు వాలింది. తిరిగేవాడి నడక నెమ్మదించింది. వచ్చి ఎదురుగా కూర్చుని, "హేమలేఖా, దాహంగా ఉంది," అన్నాడు. పేరు అడగలేదు! హేమలేఖ బావురుమంది. ఆ వెంటే అతనికి అన్నలు గుర్తొచ్చారు, తాబేలు గుర్తొచ్చింది, తాబేలు మాట గుర్తొచ్చింది. సూర్యుడు సగం మునిగాడు. ఉదయకేతుడు గట్టెక్కి, ముడి విప్పి, "నీ దారి నీది!" అని చిలుకను ఎగరేశాడు. కరాళుడు ఉన్నచోటే కుప్పకూలాడు. వాకిట్లో పెద్దన్న ఒళ్ళు విరుచుకుని, "నా నెత్తిన చెప్పులెవడు పెట్టాడు?" అని గర్జించాడు.

ఆ పగలు జరిగింది మాత్రం ఉదయకేతుడికి మళ్ళీ గుర్తు రాలేదు. హేమలేఖే చెప్పేది, అతను చిన్నపిల్లాడిలా వినేవాడు. ఏడు సముద్రాలూ దాటి ఇంటికొచ్చాక ఇద్దరికీ పెళ్ళి చేశారు. పెళ్ళయ్యాక కొంగుముడి విప్పడానికి తల్లి దగ్గరికొచ్చి, "ఇది ఎందుకు వేశామో గుర్తుందా నాయనా?" అని నవ్వింది.

ఉదయకేతుడు హేమలేఖ వంక చూశాడు. ముడిని గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"లేదమ్మా, బొత్తిగా గుర్తులేదు," అన్నాడు.

గుర్తులేదంటే విప్పకూడదు కదా! వాళ్ళు అలాగే ఏళ్ళ తరబడి చల్లగా రాజ్యమేలారు. ఇక కాళ్ళు ఆడించుకోండి.