ముందు ఎవరికి చెప్పాలి

పైడిరాజు దిగులు పైడిరాజుది. గెడ్డ వాగు సముద్రంలో కలిసే మొగలో పట్టిన చేపల్ని పరీక్ష చేయడం ముగియగానే, యూనివర్సిటీలో అతను నడిపే లాబ్‌లో పాదరసం కొలిచే మిషను కాస్తా మూలపడింది. రిసెర్చి పిల్లలకి ఫెలోషిప్పు ఆగిపోయి ట్యూషన్లు చెప్పుకుంటున్నారు. ప్రభుత్వాన్ని అడిగితే చూద్దాం, చేద్దాం. అదిగో, అప్పుడొచ్చింది తీరం మీదున్న రసాయనాల కంపెనీ. మిషను కొనిస్తాం, పిల్లల్ని చూసుకుంటాం, కలిసి పని చేద్దాం అంది.

ఎగిరి గంతేసే రకం కాదు పైడిరాజు. తనే పెద్దగా ఉండి కమిటీ వేయించాడు. కంపెనీ ఎవరిది, కోర్టుల్లో కేసులున్నాయా, ఇదివరకు ఏ యూనివర్సిటీతో చేతులు కలిపింది, అక్కడెలా నడుచుకుంది, రేపు మన పేరు చెడుతుందా, అన్నీ జల్లెడ పట్టాడు. ఎక్కడా మచ్చ కనబడలేదు. ఛాతీ విరుచుకుని తన గురువుగారు సోమేశ్వరం మాస్టారింటికి వెళ్ళాడు.

ఆ లాబ్ పెట్టింది మాస్టారే. ఆయన పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. ఎవరి వలలో చేప తెచ్చి కోశామో వాళ్ళ గుమ్మంలోకెళ్ళి ఫలితం ముందు వాళ్ళకి నోటితో చెప్పాలి. పత్రికలూ సభలూ ఆ తర్వాతే. రిటైరయ్యేదాకా మండుటెండలో జాలరిపేట ఇసకలో తిరిగిన మనిషాయన.

అంతా విని, "మరి పేటలో ఎప్పుడు చెబుతారు?" అని అడిగారు.

"ముందు కంపెనీ వాళ్ళు చూస్తారు మాస్టారూ. మొన్నటి గెడ్డ చేపల ఫలితాలైనా అంతే. ఊరికే చూడ్డమే. ఒక్క అంకె మార్చే హక్కు లేదు వాళ్ళకి. నేనే పట్టుబట్టి ఒప్పందంలో రాయించాను."

"చేపల్లో ఏం తేలింది?"

"పాదరసం ఎక్కువే ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళు అస్సలు తినకూడదు."

మాస్టారు గ్లాసుడు మజ్జిగ ఇచ్చి పంపించేశారు.

ఒప్పందం మీద సంతకాలైన రోజు పైడిరాజు గదిలో కంపెనీ ఆఫీసరు టీ తాగుతున్నాడు. నెమ్మదస్తుడు, మాట మెత్తన. అప్పుడు మాస్టారు లోపలికొచ్చారు. వెనకాల తడిచీర కుచ్చిళ్ళు దోపుకుని నూకాలు. ఆయనింటికి చేపలు పోసేది ఆవిడే. ఆఫీసరు గబుక్కున లేచి మాస్టారికి కుర్చీ ఇచ్చాడు.

"నువ్వే అడుగు నూకాలూ" అన్నారు మాస్టారు.

"ఏటీ నేదు బాబూ. మా కోడలు నీళ్ళోసుకుంది. గెడ్డ సేపలు దానికి ఎట్టొద్దని పేటలో ఎవులో అంతన్నారు. మా వల్లో సేపలే గదా మీరు అట్టుకొచ్చి కోసి సూసినారు. ఎట్టొచ్చా, ఎట్టకూడదా? అదొక్కటీ సెప్పండి."

పైడిరాజు నోరు తెరిచాడు. మాట రాబోతూ ఉంది. ఇంతలో చూపు పక్కకి వెళ్ళింది. ఆఫీసరు వైపు. ఆఫీసరు మాత్రం తలెత్తనే లేదు, టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు.

"ఇంకా చూస్తున్నామమ్మా. అన్నీ తేలాక తప్పకుండా చెబుతాం" అన్నాడు పైడిరాజు.

ఛీ! "తినొద్దు." ఆ ఒక్క ముక్క అనడానికి ఏం పోయింది మనిషికి? ఇరవై ఏళ్ళ చదువు నాలిక మీదికి రాకుండా ఎక్కడ దాక్కుంది?

నూకాలు మొహం విప్పారింది.

"మంచి మాట సెప్పినారు బాబూ. అంత పెమాదమే అయితే మీరు ఒద్దనేసేవోరు గదా! పొద్దున్నే ఆ సేపలే ఇగురు ఒండేసి వచ్చినాను, అప్పట్నించీ గుండె పీకేత్తంది." రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. కోడలు ఆకలితో ఉంటుందంటూ హడావిడిగా వెళ్ళిపోయింది.

మాస్టారు కూర్చున్న చోటే కూర్చున్నారు. మీటింగుందని ఆఫీసరు ఇద్దరికీ నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. తలుపు పడగానే పైడిరాజు చెమట తుడుచుకున్నాడు.

"మీరే చూశారుగా మాస్టారూ. ఆయన కిక్కురుమన్లేదు. సైగ కూడా చెయ్యలేదు. నన్నెవరూ ఆపలేదు."

"ఆపలేదురా" అన్నారు మాస్టారు లేస్తూ. "ఆయనకి ఆ అవసరమే రాలేదు."

చెప్పులేసుకుని, నూకాలు వెళ్ళిన దారిన ఆ వయసులో పరుగులాంటి నడక నడిచారు. పైడిరాజు గుమ్మం దాకా వచ్చాడు. అక్కణ్ణించి అడుగు పడలేదు.