హిమాలయాలెక్కిన బండి

రోజుకు నలభై కొండలెక్కి తేనె తెచ్చిన నాకు మోకాళ్లు అరిగాయి. బండి లేకపోతే బతుకుతెరువు పోయినట్టే. సర్పంచి గవర్రాజుగారు కొండలెక్కే పాత మోటారుసైకిల్ అమ్ముతున్నారంటే వెళ్లాను.

“ఒకసారి నడిపి చూస్తానండీ.”

“హిమాలయాలెక్కిన బండికి నీ పరీక్షేంట్రా? నువ్వు ముట్టుకుంటే మాసిపోద్ది. డబ్బిచ్చి తీసుకుపో.”

ఒళ్లు మండిపోయింది. అయినా చేతులు కట్టుకుని, “డబ్బు కొండమీద మా ఇంట్లో ఉందండీ. నన్ను ఎక్కించుకెళ్తే అక్కడే ఇస్తాను,” అన్నాను.

ఊరంతా చూస్తుంటే కాదనలేక బయల్దేరారు. మొదటి ఎత్తులోనే బండి పొగ కక్కి ఆగిపోయింది. డబ్బు మీద ఆశ చావక, దిగి తోయడం మొదలెట్టారు. మోకాళ్లు అరిగినవాణ్ని కదా, నేను సీటు దిగలేదు. పద్నాలుగు ఊళ్లకు వినబడేలా అడిగాను:

“హిమాలయాలు కూడా ఇలాగే ఎక్కించారా అండీ?”