రెండో తూటా సంగతి

యాకూబ్ ఉస్తాద్ ఏ ప్రశ్నకూ అడిగిన రోజున జవాబు చెప్పే మనిషి కాడు. కరీంనగర్‌లో గడియార స్తంభం దగ్గరి సందులో, లైసెన్సు ఆయుధాలు బాగుచేసే దుకాణం ఆయనది. లింబాద్రి అంతకుముందు లేతు మిషన్ మీద పనిచేసి, నడివయసు దగ్గరపడుతుండగా ఆయన శిష్యరికంలోకి వచ్చాడు. వానాకాలం మొదట్లో ఒకనాడు అతడు గురువును అడిగాడు: "ఉస్తాద్, పని పూర్తయిందని ఎట్ల తెలుస్తది?"

ఉస్తాద్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తన పనిలో పడ్డాడు. లింబాద్రి కూడా కొన్నాళ్లకు ఆ మాట మరిచిపోయాడు.

ఆ వానల్లోనే రాజేశం సేటు దుకాణానికి వచ్చాడు. ఆయన సంగతి ఊరందరికీ తెలుసు. నిరుటి దాకా ఆయనకు ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. బాయిలర్ కవాటం సరిగా లేదు, ఆపేద్దామని మిస్త్రీ చెబితే, "ఈ ఒక్క వాయి దించి ఆపుదాం" అన్నాడట. ఆ వాయి దిగకముందే బాయిలర్ పేలింది. వడ్లు ఆరబోస్తున్న ఇద్దరు ఆడకూలీలు అక్కడికక్కడే పోయారు. కేసు ఎట్లాగో ముగిసింది. సేటు మిల్లు అమ్మేశాడు. భార్య ఏనాడో పోయింది, పిల్లలు లేరు. విధవరాలైన అక్క నర్సవ్వ వండి పెడుతుంటే ఒక మూల గదిలో ఉంటున్నాడు. మిల్లు నడిచే రోజుల్లో రాత్రి ప్రయాణాలకు భయపడి ఆయుధం లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అది చేతికి వచ్చేసరికి మిల్లూ లేదు, ప్రయాణాలూ లేవు. అయినా పిస్తోలు కొన్నాడు.

అరచేతిలో ఇమిడిపోయేంత చిన్న పిస్తోలు అది. ఫ్యాక్టరీ నూనె వాసన ఇంకా పోలేదు. పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్ సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంది. లోపల ఒక తూటా ముక్కు పైకెత్తి ఇరుక్కుంది.

"కొత్తదే. లోపలికి పోతలేదు. నాకు చేతగాక తెచ్చిన," అన్నాడు సేటు.

ఉస్తాద్ పిస్తోలును అందుకుని, మూతి గోడవైపు తిప్పి, తూటాల మేగజీన్ దించి, ఇరుక్కున్న తూటాను మెల్లగా బయటికి తీశాడు. నాళం ఖాళీ అయిందని వేలుపెట్టి చూసుకున్నాక దాన్ని లింబాద్రి ముందు పెట్టాడు. "నువ్వు చూడు."

లింబాద్రికి ఇటువంటి పని దొరికితే పండగే. ముందు ఆ తూటాను వెలుతురుకు పెట్టి చూశాడు. దాని ముక్కు మీద గోటితో గీరినట్టు ఒక గీత పడి ఉంది. ఫ్యాక్టరీ జిడ్డంతా తుడిచి, పలచటి నూనె వేసి చూశాడు. మళ్లీ ఆగింది. తూటాను పట్టి ఉంచే మేగజీన్ పెదవులు వంగాయేమోనని చూశాడు. వంగలేదు. స్ప్రింగు కొత్తది కాబట్టి బిర్రుగా ఉంది, అయితే తప్పు అదొక్కటే కాదు. వెనక గదిలో ఇసుక బస్తాల ముందు నిలబడి, మణికట్టు బిగించి పేల్చి చూశాడు. మొదటిది పోయింది, రెండోది అడ్డం తిరిగింది.

"మొదటిది ఒక్కోసారి పోతది సేటు, రెండోది మాత్రం నిలబడిపోతది. దాని అంతు చూడాలె," అన్నాడు బయటికి వచ్చి.

సేటు వాన వైపు చూస్తున్నాడు. "రెండోదాని సంగతి నీకెందుకు? మొదటిది నమ్మకంగ పోయేటట్టు చెయ్యి, చాలు."

ఉస్తాద్ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగింది. లింబాద్రి అది చూడలేదు. అతని మనసంతా నాళం నోటి దగ్గర ఉండే చిన్న వాలు మీద ఉంది. తూటా జారుకుంటూ లోపలికి ఎక్కేది ఆ వాలు మీదుగానే. సన్నపు పుల్ల కొసకు దూది చుట్టి దాని మీద ఆడిస్తే, దూది పోగు ఒకచోట పట్టుకుంది. కంటికి కనిపించనంత చిన్న ఇనుప ముల్లు. సన్నపాటి ఉప్పుకాగితంతో దాన్ని నున్నగా చేసి మళ్లీ వెనక గదిలోకి వెళ్లాడు. మేగజీన్ ఖాళీ అయ్యేదాకా ఎక్కడా ఆగలేదు. లేతు దగ్గర ఎన్నడూ దొరకని సంతోషంతో ముందు గదిలోకి వచ్చాడు. అతడు నోరు తెరిచేలోపే ఉస్తాద్ లేచాడు.

"బాగు కాలేదు సేటు. స్ప్రింగు మార్చాలె. హైదరాబాద్ నుంచి రావాలె. అందాక ఇక్కడనే ఉంటది."

సేటు వెళ్లిపోయాక లింబాద్రికి కోపం ఆగలేదు. "అది బాగయింది ఉస్తాద్! మీరు చూడనన్నా చూడలె. ఇన్నేండ్లల్ల గిరాకీకి అబద్ధం చెప్పంగ నేను వినలె."

ఉస్తాద్ పిస్తోలును ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. "అబద్ధమే చెప్పిన," అన్నాడు అంతే.

సేటు మళ్లీ మళ్లీ వచ్చాడు. స్ప్రింగు రాలేదనేవాడు ఉస్తాద్. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, ఏదో ఒకటి మాట్లాడించాలని చూసేవాడు. సేటు చాయ్ ముట్టేవాడు కాదు. ఒకసారి గొంతు పెంచి, పోలీసులకు చెబుతానన్నాడు. మరోసారి బీరువా వైపే చూస్తూ కూర్చుని వెళ్లాడు. వచ్చిన ప్రతిసారీ లింబాద్రికి తల కొట్టేసినట్టుండేది. తన పనితనాన్ని గురువు బీరువాలో పెట్టి తాళం వేశాడనిపించేది.

ఒక శుక్రవారం ఉస్తాద్ నమాజుకు వెళ్లినప్పుడు సేటు వచ్చాడు. మనిషి ఆనాడు ఎప్పటికంటే శుభ్రంగా ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన ధోవతి కట్టాడు. కోపం లేదు. లింబాద్రికి జాలి వేసింది. దుకాణం తాళాలు, బీరువా తాళంచెవితో సహా, తన దగ్గరే ఉన్నాయి. బీరువా తెరిచి, పిస్తోలు తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని తుడవడానికి బట్ట అందుకున్నాడు.

సేటు మెల్లగా అడిగాడు: "ఒక మాట అడుగుత, చెప్పు. నా తర్వాత ఇది ఎవరు జమ చెయ్యాలె? మా అక్కకు చదువు రాదు. స్టేషన్ల ఆమెను సతాయిస్తరా?"

లింబాద్రి చేతిలో బట్ట ఆగిపోయింది. వాన వైపు చూస్తూ ఆ మనిషి మొదటి రోజు 'మొదటిది పోతే చాలు' అన్న మాట అప్పుడు, ఇంత ఆలస్యంగా, అతని చెవిన పడింది. తాను ఎంత ఇష్టంగా ఆ ముల్లును అరగదీశాడో గుర్తొచ్చింది. పిస్తోలును బట్టతో సహా తన వైపు లాక్కున్నాడు.

"స్ప్రింగు ఇంక రాలేదు సేటు."

సేటు అతని ముఖంలోకి చూశాడు. "నువ్వు గూడ అదే మాట నేర్చినవా," అన్నాడు. "అది వచ్చేది లేదు కద?"

"లేదు. మీరు కూసోండ్రి. ఉస్తాద్ వచ్చేదాక మీరు పోవద్దు." లింబాద్రి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పెద్దమనిషి అని చూడకుండా, ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

సేటు విడిపించుకోలేదు. కుర్చీలో కూలబడి, "ఒక్క వాయి అంటి బిడ్డా. ఒక్క వాయి," అని మొదలుపెట్టి ఇక ఆపలేకపోయాడు. ఉస్తాద్ నమాజు నుంచి వచ్చేసరికి ఇద్దరూ అట్లాగే ఉన్నారు. ఆయన పిస్తోలును బీరువాలో పెట్టి, గొడుగు తీసుకుని, సేటును ఇంటిదాకా నడిపించుకుంటూ వెళ్లి, నర్సవ్వతో దాపరికం లేకుండా చెప్పాడు. ఆమె తమ్ముణ్ని పెద్దాసుపత్రిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆ తర్వాత సేటు చేతనే సంతకం చేయించి, ఆ పిస్తోలును స్టేషన్‌లో జమచేశారు.

అంతటితో ఆయన మనసు తేలికపడిందని చెప్పలేం. సందు చివరి బస్తీలో, చనిపోయిన కూలీల్లో ఒకామె అత్త ఉంటుంది. సేటు పొద్దున్నే ఆమె గుమ్మం ముందుకు పోయి నిలబడడం మొదలుపెట్టాడు. ఆమె లోపలికి రానివ్వదు. శాపనార్థాలు పెడుతుంది, వాకిట్లో నీళ్లు విసిరి కొడుతుంది. ఆయన అంతా విని, తల వంచుకుని తిరిగి వస్తాడు. ఆమె క్షమించలేదు. క్షమిస్తుందన్న జాడ కూడా లేదు.

దుకాణం ముందునుంచే దారి. సేటు ఎన్నడూ ఆగడు, పలకరించడు. చలికాలంలో ఒకనాడు ఆయన అట్లా దాటిపోతుంటే చూసి లింబాద్రి మనసు చివుక్కుమంది.

"మన దిక్కు గూడ చూస్తలేడు ఉస్తాద్. మన మీద కోపం పోలె. ఆమె తిట్లు పోలె. ఆయనకు మనం ఏం మేలు చేసినట్టు?"

ఉస్తాద్ ఆ వంగిన వీపు మలుపు తిరిగేదాకా చూశాడు.

"పని పూర్తయిందని ఎట్ల తెలుస్తదని వానల్ల అడిగినవు. మన దిక్కు చూడకపోతె ఏమాయె," అన్నాడు. "రోజూ తన కాళ్ల మీద నడిచి పోతున్నడు గద."