చావుకు చోటులేని వాటా

గవరమ్మకు నలభై మూడేళ్లు. ఎవరేం చెప్పినా వక్క కొరుకుతూ వింటుంది. కందుమూరు కోటలో రాజుగారి పడకలు సర్దే పని ఆమెది. కాపురం మాత్రం ఆస్థాన జ్యోతిష్కుడు ఉమాపతి సిద్ధాంతి ఇంటి వెనక వాటాలో, అద్దెకు, మంచాన పడ్డ తల్లితో.

ఓ రోజు సభలో మల్లభూపాల మహారాజుకు తీర్పులు చెప్పడం విసుగనిపించింది.

"ఇవాళ మీలో మీరే తేల్చుకోండి. ఎదుటివాళ్ల నోరు ఎవరు మూయిస్తే వాళ్లు కోరింది ఇస్తాను" అన్నాడు.

సిద్ధాంతి ఉత్తరీయం సవరించుకుంటూ లేచాడు. "ప్రభూ, ఈ గవరమ్మ నా వాటా ఖాళీ చేయదు. వాళ్లమ్మ నేడో రేపో అన్నట్టుంది. ఇంట్లో చావు జరిగితే దోషం. పొద్దుగూకేలోగా ముసలమ్మను తీసుకుని పోవాలి."

"ఎక్కడికి పొమ్మంటారు, సిద్ధాంతిగారూ?"

"సత్రం అరుగు ఖాళీగానే ఉంది, పో. మగదిక్కు లేనిదానికి ఇల్లివ్వడం నాదే బుద్ధి తక్కువ."

"మగదిక్కున్న ఇంటికి చావు రాదాండీ?"

సభ కిసుక్కుమంది. సిద్ధాంతి ముఖం కందగడ్డయింది. "శాస్త్రంతో వేళాకోళమా?"

గవరమ్మ వక్కను బుగ్గన పెట్టుకుంది. "అబ్బే, తెలీక అడిగాను. ఈ దోషం మాలాంటి అద్దెవాళ్ల చావుకేనేమో. గొప్పవాళ్ల మేడలకు ఉండదేమో."

"నీకో శాస్త్రం, గొప్పవాళ్లకో శాస్త్రమూనా? పూరిగుడిసైనా రాజుగారి కోటైనా ఒకటే! మనిషి పోయిన ఇల్లు విడిచిపెట్టాల్సిందే!"

గవరమ్మ రాజువైపు తిరిగి చేతులు జోడించింది.

"ప్రభూ, పడకలు మూట కట్టించనా? మీ తాతగారూ, నాన్నగారూ పోయింది ఈ కోటలోనే."

రాజు సిద్ధాంతిని ఎగాదిగా చూశాడు.

"ఏమయ్యా, నన్నెక్కడికి పొమ్మంటావు?"

"సత్రం అరుగు ఖాళీగానే ఉందట ప్రభూ" అంది గవరమ్మ.

సిద్ధాంతి నోరు తెరిచాడు. మూశాడు. సభంతా పగలబడి నవ్వింది. అందరికంటే ఆఖరున నవ్వు ఆపినవాడు రాజు.

"ఏం కావాలో కోరుకో, గవరమ్మా."

"మా అమ్మ ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఆ గదిలోనే ఉండాలి. ఆమె పోయేదీ అక్కడినుంచే."

రాజు ఆ వాటాను గవరమ్మ పేర రాయించాడు. పత్రం రాసింది సిద్ధాంతే.

మూడు నెలలకు తల్లి పోయింది. శవాన్ని పెరటి దారిన తీసుకెళ్లమన్నారు సిద్ధాంతి ఇంటివాళ్లు. గవరమ్మ వీధి గుమ్మంలోంచే తీసుకెళ్లింది.